అంటు పగడం

సముద్రం మా బిలాస్‌పూర్‌కి ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. అయినా నెహ్రూ నగర్‌లో మా ఆడబిడ్డగారి హాల్లో ఒక సముద్రం ఉండేది. దానికి స్టెబిలైజరు, ఇన్వర్టరు, వేసవి అంతా ఆగకుండా నడిచే ఏసీ ఉండేవి. ఏసీ మూతి తొట్టి వైపుకే తిప్పి ఉండేది. సోఫాలో కూర్చున్న మనుషులు టేబుల్ ఫ్యాను గాలి పంచుకునేవాళ్లు.

ఆ సముద్రానికి యజమాని మా రాజశ్రీ వదిన భర్త ఆదినారాయణ. చిన్నా పెద్దా కాంట్రాక్టులు చేస్తాడు. ఉంగరం వేలికి చింతపిక్కంత పగడం పెట్టుకున్నాడు. అది పెట్టుకున్నాకే రెండు టెండర్లు వచ్చాయట. చచ్చిన పగడమే ఇంత చేస్తే బతికున్నది ఇంకెంత చేస్తుందో అని ఎవరో అన్నారట. అంతే, ఈశాన్యం మూల ఐదువందల లీటర్ల అద్దాల తొట్టి లేచింది. దాన్ని అమర్చిన కలకత్తా మనిషి నెల తిరక్కుండా ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పటి నుంచీ తొట్టి సేవ మా ఆయన మీద పడింది.

మా ఆయన తిరుమలరావు ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో టెక్నీషియన్. ఇంజన్ల మోటార్లు విప్పి, లోపలి రాగి చుట్లు శుభ్రం చేసి, మళ్లీ బిగించే సెక్షన్. మాకు 2009 మాఘంలో పెళ్లయింది. విజయనగరంలో బీయస్సీ జువాలజీ చదివి, ఊరు దాటి ఎరగని నేను, రెండు గదుల రైల్వే క్వార్టర్లోకి వచ్చిపడ్డాను. వచ్చిపడ్డానని ఎందుకన్నానో గానీ నిజానికి నాకు అక్కడ ప్రతిదీ పండగ్గానే ఉండేది. కిటికీలో కూలరు పెట్టిన మొదటి రోజు తడిసిన వట్టివేళ్ల వాసనకి మధ్యాహ్నం అంతా నిద్రపోకుండా పడుకున్నాను. బుధవారీ బజారులో గుప్‌చుప్, అంటే మన పానీపూరీ, బండివాడు ఆఖర్న ఒకటి ఊరికే ఇచ్చేవాడు, దానికోసం నేను ముందు పదీ తినేదాన్ని. మా మావయ్య గోవిందరావుగారు రిటైరయిన డ్రైవరు. మంచం మీద కళ్లు మూసుకునే హారను విని, వచ్చేది ఏ ఇంజనో చెప్పేవారు. నేను పెరటి గుమ్మంలోకి పరిగెత్తి చూసి "రైటే మావయ్యా!" అని అరిచేదాన్ని. క్వార్టర్ల వెనక పట్టాలు కనిపిస్తాయి లెండి.

ఇంత సంబరంలో నాకు తక్కువయింది ఒక్కటే, సాయంకాలం. మా ఆయన ఐదుంబావుకి ఇంటికొచ్చి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని కడుక్కుని, టీ నిలబడే తాగి, స్కూటరెక్కి నెహ్రూ నగర్ వెళ్లిపోయేవాడు. మళ్లీ భోజనాలకే. కొత్త పెళ్లికూతుర్ని. నాకు రాత్రుళ్లు ఎలాగూ ఉన్నాయి. నాకు కావలసింది ఆ వెలుతురు ఉన్న రెండు గంటలు. కొత్త చీర కట్టుకుని ఆయన పక్కన నడిచే గంటలు.

"వాడు బావకి సాయం చేస్తన్నాడే పిల్లా," అనేది మా అత్తయ్య అప్పయమ్మ. "ఆడపడుచు ఇల్లు. మానెయ్యమంటే ఏటి బాగుంటాది?"

"సాయం కాదత్తయ్యా, డ్యూటీ. జీతం లేని డ్యూటీ."

"జీతం లేదు గానీ ఓవర్‌టైం ఉన్నాది," అన్నారు మావయ్య మంచం మీంచి.

ఏప్రిల్లో ఒకరోజు నేనూ స్కూటరెక్కాను. నా సాయంకాలాలు తింటున్నది ఏదో చూద్దామని.

"చేపలేవండీ?" అన్నాను తొట్టి ముందు నిలబడి. వేలెడంత పసుపు చేప ఒకటి, అంతకంటే చిన్నది ఇంకొకటి తిరుగుతున్నాయి.

"చేపలేటి చెల్లమ్మా!" అన్నాడు ఆదినారాయణ సోఫాలోంచి. "చేపలు ఎవడింట్లోనైనా ఉంటాయి. ఇవి పగడాలు. బతికున్న పగడాలు. నీకు తెలుసా, పగడం రాయి కాదు?"

"తెలుసండి. జంతువు. బీయస్సీలో బొమ్మ వేశాను."

"అచ్ఛా, బొమ్మ వేసేవా!" అని గట్టిగా నవ్వి, "విన్నావేటోయ్ తిరుమలా? మీ ఆవిడ బొమ్మ వేసిందిట," అన్నాడు.

ఆ మనిషి ఆ తొట్టిలో ఒక్కసారి చెయ్యి పెట్టగా నేను చూడలేదు. ఉంగరం తడుస్తుందట. పగడపు ఉంగరం. సముద్రంలో పుట్టినది ఉప్పునీటికి పాడవుతుందని ఆయన భయం.

మా ఆయన నన్ను చెయ్యి పట్టుకుని తొట్టి ఎడంపక్కకి తీసుకెళ్లాడు. అక్కడ, పగిలిన బాత్‌రూం టైలు ముక్క మీద, అరచేతి పాటి పగడం ఉంది. వేయించిన అప్పడంలా అంచులు పైకి లేచి, పల్చగా. సగం బూందీ రంగు, సగం పచ్చి బఠాణీ రంగు. దగ్గరగా చూస్తే ఒళ్లంతా గుండుసూది తలకాయలంత నోళ్లు తెరుచుకుని ఊగుతున్నాయి. రెండు రంగులు కలిసిన చోట మాత్రం గీత లేదు. నారింజ చుక్కలు పచ్చదనంలోకి, ఒకటీ రెండూగా, ఎవరో పుప్పొడి చల్లినట్టు పాకుతున్నాయి.

"రెండు వేరే వేరే పగడాలు," అన్నాడు మా ఆయన, గొంతు తగ్గించి. "మామిడికి అంటు కట్టినట్టు కట్టేను. కాకపోతే మామిడి ఒప్పుకుంటుంది, ఇవి ఒప్పుకోవు. అంచులు కలిపితే ఒకదాన్నొకటి కాల్చేసుకుంటాయి. మధ్యలో తెల్లగా చచ్చిన గీత పడుతుంది. ఆరు జంటలు అలాగే పోయేయి. ఇది ఏడోది. ఒక్కో చుక్కే లోపలికి వెళ్తోంది, చూడు. నిన్న పదిహేడు. ఇవాళ పద్దెనిమిది."

లెక్కపెట్టాను. పద్దెనిమిదే.

"మీ పెళ్లిలాగే చెల్లమ్మా!" అని అరిచాడు ఆదినారాయణ సోఫాలోంచి. "ఆరు సంబంధాలు తప్పేకే కదా నువ్వు దొరికేవు!"

ఆ జోకు ఆయన ఆ వేసవిలో వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు. నేను అక్కడ ఉంటే నన్ను చూపిస్తూ, లేకపోతే నేను కూర్చునే కుర్చీని చూపిస్తూ.

అయినా అబద్ధం ఎందుకు, ఆ అప్పడం ముక్కని నేను ఇష్టపడ్డాను. మా ఆయన రంపం బ్లేడుతో పగడం కోసి, క్షణంలో పట్టేసే గమ్ముతో టైలుకి అతికించేవాడు. ఒకసారి బొటనవేలూ చూపుడువేలూ అతుక్కుపోయి ఇంటికొచ్చాడు. నా గోళ్లరంగు తుడిచే మందులో దూది ముంచి, అరగంట కూర్చుని నేను విడదీశాను. అలాంటి అరగంట దొరికితే రోజూ అతికించుకొమ్మని చెప్పాను. నవ్వాడు. మా ఆయన నవ్వితే ముందు చెవులు కదులుతాయి.

మే నెల మధ్యలో వదిన కబురు పంపింది, ఆవకాయ పెట్టాలి, రమ్మని. విజయనగరం పిల్ల చెయ్యి పడాలిట. పొద్దున్నే వెళ్లాను. వంటగదిలో కాయలు తుడుస్తూంటే హాల్లో నీళ్ల చప్పుడు. తొంగి చూశాను.

ఆదినారాయణ లుంగీ ఎగ్గట్టి, స్టూలెక్కి, కొత్త రాగి బిందెతో తొట్టిలో నీళ్లు పోస్తున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎండాకాలం తొట్టిలో నీళ్లు రోజుకి బిందె పైగా ఆవిరైపోతాయి. ఉప్పు ఆవిరవదు కాబట్టి ఎంత తగ్గితే అంత మంచినీళ్లే కలపాలి. దానికి మా ఆయన ఫిల్టరు నీళ్లు నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో పట్టి ఉంచేవాడు. డ్రమ్ము మీద తెలుగులోనూ హిందీలోనూ "ఇవి మాత్రమే" అని రాసి మరీ పెట్టాడు.

"అన్నయ్యగారూ, ఆ నీళ్లేంటండీ?"

"చూసీసేవా!" అన్నాడు గర్వంగా. "రాత్రంతా రాగిలో నిలవున్న నీళ్లు. పొద్దున్నే టీవీలో స్వామీజీ చెప్తున్నాడు, చూట్లేదా? నెల్లాళ్ల నుంచి తాగుతున్నాను, నా గ్యాస్ పోయింది. మొన్నట్నుంచి వీటికీ మొదలెట్టేను. డ్రమ్ములో నీళ్లే బిందెలో పోసి ఉంచుతున్నాను, మళ్లీ ఏటో అనుకునేవు."

"రాగి వీటికి పడదండీ. నత్తల్ని చంపడానికి చెరువుల్లో మైలుతుత్తం వేస్తారు కదా, అదీ రాగే. వెన్నెముక లేని జీవాలకి..."

"ఏవమ్మా," అని అడ్డొచ్చాడు, స్టూలు మీంచి దిగకుండానే, "వెన్నెముక ఉన్న నాకే గ్యాస్ పోయింది. లేనివాటికి ఇంకా తొందరగా పనిచేస్తాది." తన మాట తనకే నచ్చి, బిందె తొట్టి అంచుకి తగిలేలా నవ్వాడు. "బొమ్మలు వేసిన సైన్సు వేరు చెల్లమ్మా, బతుకు వేరు. మీ ఆయనకి చెప్పకు. నెల తర్వాత పగడం రెండింతలైతే అప్పుడు నేనే చెప్తాను. వాడూ నేర్చుకుంటాడు."

వదిన వంటగదిలో తల వంచుకుని కాయలు తుడుస్తూనే ఉంది. "ఆయనతో వాదన పెట్టుకోకు," అంది. "ఆవపిండి జల్లించు."

జల్లించాను. ఆవపిండి ఘాటుకి కళ్లలో నీళ్లు వచ్చాయి గానీ ఒంట్లో మంట వేరే కారణానికి. వెన్నెముక లేని జీవి నాతో వెన్నెముక గురించి మాట్లాడింది. నేను ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పాలంటే వినేవాడికి కొంత అర్హత ఉండాలి అనుకున్నాను. ఇంటికెళ్లగానే మా ఆయనకి చెప్పేస్తాను, ఆయనే బిందె లాక్కుంటాడు అని కూడా అనుకున్నాను.

ఆ సాయంకాలం ఆయన కోసం గుమ్మంలోనే కూర్చున్నాను. వచ్చే ఆదివారం మేమిద్దరం పొద్దున్న పాసింజరెక్కి కర్గీ రోడ్ స్టేషనుకి వెళ్లాలి. అక్కడ మాకు పనేం లేదు. ఊరికే రైల్లో వెళ్లి, అక్కడ సమోసా తిని, ఇంకో రైల్లో రావడం. పదిరోజుల నుంచి ఆ సమోసా మీదే బతుకుతున్నాను. మామిడిపండు రంగు చీర ఇస్త్రీ చేసి మడత విప్పకుండా పెట్టాను.

ఆయన స్కూటరు ఆపకముందే అరిచాడు. "తేజూ! ఆదివారం నాగపూర్ నుంచి ఒక డాక్టరుగారు వస్తున్నారు, మన అంటు పగడం చూడ్డానికి! వాళ్లింట్లోనూ ఇలాంటి పగడాల తొట్టి ఉందిట. ఫోటో చూసి నమ్మలేదుట!"

"ఆదివారం కర్గీ రోడ్..."

"అరే, కర్గీ రోడ్ ఎక్కడికి పోతాది? వచ్చే వారం వెళ్దాం."

సబ్బు రాసుకోడానికి కొళాయి దగ్గరికి పరిగెత్తాడు. నేను లోపలికి వెళ్లి చీర మడత మీద మడత వేసి పెట్టె అడుక్కి తోశాను. బిందె మాట చెప్పలేదు.

ఆదివారం హాలు నిండా మనుషులు. డాక్టరుగారు మంచివాడే, పొట్టిగా, చేతులు వెనక్కి కట్టుకుని, గుళ్లో నిలబడ్డట్టు తొట్టి ముందు నిలబడ్డాడు. చాలాసేపు చూసి హిందీలో అడిగాడు, ఇది కలిపింది ఎవరు అని.

"నేనే," అన్నాడు ఆదినారాయణ. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఉంగరం కనిపించేలా. "ఏడు నెలల తపస్సు సాబ్."

"మరి వీరు?"

"నా బావమరిది. అద్దాలు తుడుస్తాడు. మంచి కుర్రాడు."

మా ఆయన చేతిలో అప్పుడు నిజంగానే అద్దం తుడిచే గుడ్డ ఉంది. ఆయన నవ్వాడు. చెవులు కదలని నవ్వు. డాక్టరు ఆదినారాయణ చెయ్యి పట్టుకుని ఊపాడు. వెనకాల పెళ్లి జోకు మొదలైంది, కుర్చీలో నేనున్నాను కాబట్టి అందరూ నన్ను చూసి నవ్వారు.

తిరిగొచ్చేటప్పుడు స్కూటరు మీద అడిగాను, "ఎందుకు నవ్వేరు?"

"ఏం చెయ్యమంటావు? తొట్టి ఆయనది."

"చేతులు మీవి."

"పోన్లే. పగడానికి తెలుసు."

పగడానికి మెదడు లేదు. నేను పరీక్షలో రాసి పది మార్కులు తెచ్చుకున్నాను. అలాంటిదానికి తెలిస్తే చాలనుకునే మనిషి వీపుకి చెంప ఆనించి కూర్చుని, బిందె మాట నాలుక చివర పెట్టుకుని, మింగేశాను. పొయ్యనీ, అనుకున్నాను. ఐదువందల లీటర్లలో ఎంత రాగి కరుగుతుందిలే. ఒకవేళ కరిగితే, ఒక మహా మేధావి హాలు ఖాళీ అవుతుంది. నా సాయంకాలాలు నాకొస్తాయి. ఈ వరసలోనే అనుకున్నాను. ఇప్పుడు వరస మార్చి చెప్పడం ఎందుకు?

ముందు నత్తలు పడిపోయాయి. అద్దం పట్టుకుని పాకే చిన్న నత్తలు, ఒక్కొక్కటే పట్టు వదిలి ఇసకలో వెల్లకిలా. మా ఆయన ఇంటర్నెట్ సెంటరుకి వెళ్లి కాగితాలు ప్రింటు తీసుకొచ్చి, అన్నం తింటూ చదివేవాడు. ఉప్పు చూశాడు, వేడి చూశాడు. సగం నీళ్లు మార్చాడు. రెండు రోజులు బాగున్నట్టే ఉండేది, మళ్లీ మొదలు. ఎందుకవదు, పొద్దున్నే స్టూలు మీద స్వామీజీ శిష్యుడు తయారు.

"నువ్వు పగలు వెళ్తుంటావు కదా," అన్నాడు ఒకరోజు. "వాళ్లు తొట్టి దగ్గర్లో ఏదైనా వాడుతున్నారా? ఫినాయిలు, దోమల మందు?"

"లేదండీ. నేను చూడలేదు."

ఫినాయిలు నేను చూడలేదు. దోమల మందూ చూడలేదు.

జూన్ రెండో వారంలో అంటు పగడం అంచు వదలడం మొదలెట్టింది. చర్మం చిన్న చిన్న పొరలుగా లేచి, నీళ్లలో ఊగి, ఫిల్టరులోకి పోయేది. కింద తెల్లటి సున్నం. ముందు పచ్చ పోయింది. తర్వాత నారింజ. ముప్పై ఒకటి దాకా వచ్చిన చుక్కలు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. నాలుగు రోజుల్లో అప్పడం అంతా ఎముకైపోయింది. మిగతావి దాని వెంటే వెళ్లాయి.

చెన్నై నుంచి మా ఆయన నీళ్లు పరీక్షించే పెట్టె తెప్పించాడు. శనివారం మధ్యాహ్నం వదిన హాల్లో, నా ఎదురుగానే, సీసాలో తొట్టినీళ్లు పట్టి చుక్కలు వేశాడు. రంగు మారింది. పెట్టెతో వచ్చిన చార్టు పక్కన పెట్టి చూశాడు. ఇంకోసారి చేశాడు.

"రాగి," అన్నాడు.

అని, సీసా కింద పెట్టి, తన రెండు చేతులూ వెనకా ముందూ తిప్పి చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో చూసుకున్నాడు. రోజూ ఎనిమిది గంటలు రాగి చుట్లు తుడిచే చేతులు.

నేను ఆ పక్కనే ఉన్నాను. బిందె మాట అప్పుడూ చెప్పలేదు.

మర్నాడు ఆదివారం మా క్వార్టరుకి ఆదినారాయణ, వదిన వచ్చారు. ఆయన మాకున్న ఒకే ఒక చేతుల కుర్చీ కూలరు ముందుకి జరుపుకుని కూర్చున్నాడు. అత్తయ్య గడప దగ్గర, మావయ్య మంచం మీద. మా ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను టీ పెడుతున్నాను.

"చూడండి మావయ్యా," అని మొదలెట్టాడు, "నేను ఏటీ అన్ను. మనవాడే. కానీ షెడ్‌లో రాగి పట్టుకున్న చేతులు తిన్నగా తెచ్చి నా తొట్టిలో ముంచీసేడు. నాగపూర్ డాక్టరు మళ్లీ వస్తానంటున్నాడు. నేను ఏ మొహం పెట్టుకుని చూపించాలి?"

"వాడు సబ్బు పెట్టి కడుక్కునే కదా వొస్తాడు," అంది అత్తయ్య.

"సబ్బుకి రాగి పోతాదేటి అత్తా? సైన్సు."

"నిజమే బావా," అన్నాడు మా ఆయన. "నా చేతులే. నాకే తోచి ఉండాల్సింది. గ్లవుజులు వేసుకోవలసింది." మాట బాగానే అన్నాడు గానీ, ఆ చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుని అన్నాడు.

మావయ్య ముప్పై ఆరేళ్లు ఒక్క మచ్చ లేకుండా బండి నడిపిన మనిషి. "పనివాడికి తన చెయ్యి తనకి తెలియాలి," అన్నారు కొడుకు వంక చూడకుండా.

నేను టీ గ్లాసులు పట్టుకొచ్చి, ఆదినారాయణ ముందు స్టూలు మీద పెట్టాను.

"చేతులు కావు మావయ్యా," అన్నాను. "బిందె. అన్నయ్యగారు రోజూ పొద్దున్నే రాగి బిందెలో నిలవ నీళ్లు తొట్టిలో పోస్తున్నారు."

వదిన చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది.

ఆదినారాయణ బుకాయిస్తాడనుకున్నాను. అరుస్తాడనుకున్నాను. రెంటికీ జవాబులు కూడా తయారుగా పెట్టుకున్నాను, ముచ్చటైన జవాబులు. ఆయన టీ ఊదుకుని ఒక గుక్క తాగి, నా వంక చూశాడు.

"పోసేను," అన్నాడు. "మంచిదనుకుని పోసేను. నాకు తెలీదు. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలుసు. తెలిసి చూస్తూ కూచున్నావు."

ఆ వేసవి మొత్తంలో ఆ మనిషి అన్న మాటల్లో తప్పులేని మాట అదొక్కటే. అది నాకే తగలాలా?

"ఎప్పట్నుంచి?" అన్నాడు మా ఆయన. బావని కాదు, నన్ను.

"ఆవకాయ పెట్టిన రోజు."

లోపల ఏదో లెక్క వేసుకున్నాడు. పెదాలు కదిలాయి. "అప్పటికి ఇరవై రెండు చుక్కలు," అని, చెప్పులు వేసుకుని బయటికి వెళ్లాడు. డ్యూటీ లేని ఆదివారం, షెడ్ వైపుకి.

ఆదినారాయణ ఏం చేశాడో కూడా చెప్పాలి. వారం తిరక్కుండా తొట్టి కడిగించి, మంచినీళ్లు నింపి, ప్లాస్టిక్ పగడాలు పెట్టించాడు. ఎర్ర లైటు వేశాడు. వచ్చినవాళ్లు ఇవే బాగున్నాయంటున్నారట, పాతవి మరీ కళ తక్కువట. ఉంగరం అలాగే ఉంది. మూడో టెండరు కూడా వచ్చింది.

వానలు పడ్డాయి. కూలరు తీసి అటక మీద పెట్టాం. మా ఆయన రోజూ ఐదుంబావుకి ఇంటికొచ్చి, ఎక్కడికీ వెళ్లడు. కుర్చీలో కూర్చుంటాడు. పేపరు చదువుతాడు. నన్ను ఒక్క మాట అనలేదు. కోప్పడి ఉంటే నేను ఏడ్చేదాన్ని, ఏడిస్తే అయిపోయేది. బజారుకి వెళ్దామా అంటే వస్తాడు, గుప్‌చుప్ తింటావా అని అడుగుతాడు, వర్షం వస్తే గొడుగు పూర్తిగా నా మీదికే పట్టుకుంటాడు. తను తడుస్తాడు. తేజూ అనడం మానేసి, "చూడు" అని పిలుస్తున్నాడు. నా సాయంకాలాలన్నీ నాకొచ్చాయి, ఒక్కటి కూడా తగ్గకుండా.

మొన్న బుధవారం అలాగే వచ్చి కూర్చున్నాడు. బయట జల్లు. నేను టీ ఇచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు.

"టీ బాగుంది," అన్నాడు, పొరుగింటికి వచ్చినవాడిలా.

నేనూ నా గ్లాసు ఎత్తి తాగాను. ఉమ్మేయబోయాను. పంచదార వెయ్యడమే మర్చిపోయాను.

"ఇందులో పంచదార లేదండీ!"

"తెలుసు."

"తెలిస్తే చెప్పరేం మరి?"

అడిగేశాక గానీ నేనేం అడిగానో నాకు తెలియలేదు. ఆయన గ్లాసు కింద పెట్టాడు. పదిహేడు రోజుల తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూశాడు.